ఉక్రెయిను యుద్ధమున వ్యూహమును ప్రచారమును



కురుక్షేత్రమున యుద్ధము జరుగుచుండగా ధృతరాష్ట్ర మహారాజు హస్తినాపురమున కూర్చుండి వార్త వినెను. యుద్ధభూమినుండి వచ్చిన సంజయుడు ఆయనకు మొట్టమొదట చెప్పిన మాట యేది? భీష్ముడు పడెనని. పదిదినముల కథ యంతయు అటుతరువాత చెప్పెను. ఆ మాట రాజునకు ప్రియమగునా, అప్రియమగునా యని సంజయుడు తూచి చూడలేదు. జరిగిన కీడును ముందు చెప్పి, అది యెట్లు జరిగినదో పిమ్మట వివరించెను. విన్న ధృతరాష్ట్రుడు బాగుపడలేదు గదా యందురేమో. అది వేఱు సంగతి. ఆయనకు నిజము చెప్పువాడు లేకపోయెనని మాత్రము ఎవ్వరును అనజాలరు.

మనకును నేడు అట్టి స్థితియే వచ్చినది. మనము చూడని దేశమున, మనమెఱుగని యూళ్లలో జరిగిన యుద్ధమును ఇంట కూర్చుండి విన్నాము. భేదమేమనగా, మనకు సంజయుడొక్కడు గాడు, వేలకొలది యున్నారు. రేడియోలో నొకడు, టెలివిజనులో నొకడు, మనుమని చేతిలోని ఫోనులో నూర్గురు. వీరిలో ననేకులు ఏదో యొక పక్షముయొక్క యుప్పు తిన్నవారు. ఇందఱిలో ఎవరిమాట నమ్మవలెనని మా యూరి రచ్చబండవద్ద ఒక పెద్ద నన్నడిగినప్పుడు నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఆయన ప్రశ్నయే ఈ ప్రసంగమునకు మూలము.

దూరదేశపు తగవు మనకేల యని కొందఱందురు. 2022 మార్చి నెలలో కిరాణా కొట్టున పొద్దుతిరుగుడు నూనె ధర యేల పెరిగెనో వారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అంతకు పూర్వము మనదేశము పైనుండి కొనుచుండిన ఆ నూనెలో అధికభాగము ఉక్రెయినునుండియే వచ్చుచుండెను. నల్లసముద్రపు రేవులు మూతపడగానే నూనె యాగిపోయెను. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఆ దేశపు వైద్యకళాశాలలలో మన పిల్లలు వేలకొలది చదువుచుండిరి. వారిలో తెలుగుబిడ్డలును పెక్కుమంది. వారి సంగతికి మఱల వత్తును.

కలహముయొక్క పుట్టుకను క్లుప్తముగా చెప్పెదను. రష్యాయు ఉక్రెయినును సోవియట్టు యూనియనులో భాగములై యుండెను. 1991 డిసెంబరు 1 వ తేదీని ఉక్రెయిను ప్రజలు వోటు వేసి, నూటికి తొంబదిమందికి పైగా స్వతంత్ర రాజ్యమును కోరిరి. 2014 లో రష్యా క్రిమియా ద్వీపకల్పమును వశపఱచుకొనెను. అదే సంవత్సరము తూర్పున డొన్‌బాసు ప్రాంతమున యుద్ధము రగిలెను. క్రిమియాలో ఏ గుర్తులును లేని ఆకుపచ్చ దుస్తులు తొడిగిన సాయుధులు కనబడినప్పుడు, వారు స్థానిక రక్షకదళములవారే గాని తమ సైనికులు కారని రష్యా అధ్యక్షుడు పుతిను మార్చి నెలలో పలికెను. తమ సైనికులే అచ్చట నుండిరని ఏప్రిలులో ఆయనయే యొప్పుకొనెను. ఈలోపల క్రిమియా ఆయన చేత చిక్కినది. పెద్ద యుద్ధము చేయకయే, నెలదినముల యబద్ధముతో ఒక ద్వీపకల్పము దొరకెను. ఈ రుచి మరగుటయే తరువాతి యనర్థమునకు దారి తీసినదని నా యభిప్రాయము.

నాటో కూటమి తూర్పునకు వ్యాపించుట తమకు ప్రమాదమని రష్యావారి వాదము. ఆ వాదమును మన్నించువారు మనదేశమునను పెక్కురు కలరు. దానిని బొత్తిగా త్రోసిపుచ్చ నక్కఱలేదు. కాని పొరుగువాడు ఎవరితోనో చెలిమి చేయబోవుచున్నాడను భయము, వాని గోడ దూకుటకు హక్కు నొసగదు. 2022 మార్చి 2 వ తేదీని ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో 141 దేశములు ఈ దండయాత్రను గర్హించినవి. ఐదు దేశములు రష్యా పక్షమున నిలిచినవి. మనదేశముతో గూడ 35 దేశములు వోటు వేయక తటస్థముగా నుండెను.

ఇక యుద్ధారంభమును చూతము. 2022 ఫిబ్రవరి మధ్యలో, సరిహద్దున చేరిన సేనలు కసరత్తు ముగించుకొని శిబిరములకు మరలిపోవుచున్నవని రష్యా రక్షణశాఖ ప్రకటించెను. అమెరికా, బ్రిటను ప్రభుత్వములు దాడి తప్పదని బహిరంగముగా చెప్పుచునే యుండెను. ఆశ్చర్యమేమనగా, వారి మాటను లోకములో చాలమంది నమ్మలేదు. ఇరాకు యుద్ధమునకు పూర్వము అమెరికావారు చెప్పిన మాటలు కల్లలై యుండుటచేత, ఈసారి చెప్పిన నిజమునకును విలువ లేకపోయెను. ఫిబ్రవరి 24 వ తేదీని తెల్లవాఱుజామున లక్షన్నరకు మించిన రష్యాసేన మూడు దిక్కులనుండి ఉక్రెయినుపై బడెను. దానికి వారు యుద్ధమను పేరు పెట్టలేదు. ‘ప్రత్యేక సైనికచర్య’ యనిరి.

పేరు పెట్టుటలోనే వ్యూహము కలదు, దానిలోనే వ్యూహభంగమును కలదు. యుద్ధమని తలచినవాడు చలిబట్టలు, నూనె, తిండి, మందులు నెలలకొలదికి సమకూర్చుకొనును. చర్య యని తలచినవాడు కొలదిదినములకు సరిపడ మూట గట్టుకొని బయలుదేఱును. రష్యావారి యెత్తు ఇట్టిది: కీవు రాజధానికి సమీపమున హోస్టొమెలు అను విమానస్థావరము కలదు. మొదటినాడే హెలికాప్టరులలో యోధులను అచ్చట దింపి, దానిని పట్టుకొని, పెద్ద విమానములలో సేనలను తెచ్చి, రాజధానిలో చొచ్చి ప్రభుత్వమును కూలద్రోయవలెను. ఈలోపల ఉత్తరమునుండి టాంకులు వచ్చి కలిసికొనవలెను. యోధులు దిగిరి. కాని ఉక్రెయినువారు ఎదురుదాడి చేసి, విమానములు దిగు బాటను ఫిరంగులతో పాడుచేసిరి; పెద్ద విమానములు రాజాలకపోయెను. ఉత్తరపు బాటపై వాహనముల బారు ఇంచుమించు అఱువది కిలోమీటర్ల పొడవున నిలిచిపోయెను. ఎండ్లబండ్ల సంతకు పోయినవారికి తెలియును: ఒక యిఱుకు బాటపై ముందుబండి చక్రము విఱిగిన వెనుక బండ్లగతి యేమగునో! ఇరువైపుల బురద, వెనుక తమ బండ్లే.

ఈ సందర్భమున ఒక వింత జరిగినది. ఫిబ్రవరి 26 వ తేదీ ఉదయము రష్యా ప్రభుత్వ వార్తాసంస్థ యొక వ్యాసమును ప్రకటించెను. ఉక్రెయిను రష్యాకు తిరిగి చేరినదనియు, క్రొత్తలోకము పుట్టినదనియు నందు వ్రాయబడి యుండెను. కొంతసేపటికే దానిని తీసివేసిరి; అప్పటికే దాని ప్రతులు లోకమంతట వ్యాపించినవి. మూడవనాటికి గెలుపు సిద్ధమని నమ్మి ముందే వ్రాసి యుంచుకొన్న వ్యాసమది. ఇంట పెండ్లికూతురు లేకయే పందిరి వేసి బాజాలు మ్రోగించినట్లున్నది.

గెలుపు తప్పదని వారెట్లు నమ్మిరి? 2021 జూలైలో పుతిను తానే యొక దీర్ఘవ్యాసము వ్రాసి, రష్యనులును ఉక్రెయినువారును ఒకే ప్రజ యని వాదించెను. అధిపతి యట్లు వ్రాసిన పిమ్మట, ‘అయ్యా, ఆ దేశపువారు మనకు పూలదండలు వేయరు, తుపాకులు పట్టెదరు’ అని చెప్పు ధైర్యము ఏ గూఢచారికి కలుగును? ఆయన వేగువారు ఆయనకు ప్రియమైన మాటలే విన్నవించిరని పరిశీలకులు పెక్కురు వ్రాసియున్నారు. పరులను మోసగించుటకు వండిన కూడును వండినవారే తినిరి. కొలువులో సంజయుడు లేకపోయెను.

యుద్ధము సాగుకొలది మిగిలిన గొంతులను గూడ నొక్కిరి. పత్రికలు యుద్ధమను మాట వాడరాదని యధికారులు శాసించిరి. మార్చి 4 వ తేదీని ఒక చట్టము పుట్టెను. సైన్యమును గూర్చి కల్లవార్త వ్రాసినవారికి పదునైదు సంవత్సరములవఱకు చెఱ విధింపవచ్చునని దాని తాత్పర్యము. ఏది కల్ల యని నిర్ణయించువారు ప్రభుత్వమువారే. ‘మాస్కో ప్రతిధ్వని’ యను రేడియోను ఆ వారముననే మూసివేసిరి. రేడియోలో మాటలాడువాడను గావున ఈ యొక్క సంగతివద్ద నేను కొంచెము నిలిచితినేని మన్నింపవలెను. ఆ రేడియో 1990 నుండి మాటలాడుచుండెను. 1991 లో సోవియట్టు నాయకులు కొందఱు తిరుగుబాటు చేసినప్పుడు గూడ అది వార్తలు చెప్పినది. ముప్పదియొక్క సంవత్సరముల పిదప రెండు దినములలో నది మూగవోయెను.

ఉక్రెయిను పక్షమువారు నిజమే పలికిరా? పలుకలేదు. దండయాత్రకు గుఱియైన వారియందు మనకు జాలి కలుగుట సహజము. జాలి వేఱు, సాక్ష్యము వేఱు. మొదటిదినమున నల్లసముద్రములోని పాములదీవిలో కావలియున్న పదుమువ్వురు యుద్ధనౌకకు లొంగక ప్రాణములు విడిచిరని వారి ప్రభుత్వము ప్రకటించి, వీరబిరుదము లిచ్చెద మనెను. కొలదిదినములకు వారు బ్రదికియే చెఱలో నున్నారని తేలినది. కీవుపై నొక వైమానికుడు ఒంటరిగా శత్రువిమానములను పెక్కింటిని కూల్చెనని ఒక కథ పుట్టి, ‘కీవు భూత’మను పేర లోకమెల్ల తిరిగెను. అట్టివాడొక్కడు లేడనియు, అది ప్రజలు కల్పించిన వీరగాథ యనియు ఏప్రిలు 30 వ తేదీని ఉక్రెయిను విమానదళమువారే యొప్పుకొనిరి.

ఈ రెండు కథలును ఊరట కొఱకు పుట్టినవి. వాటికంటె బలమైనది ఒక నిజము. ఫిబ్రవరి 25 వ తేదీ రాత్రి, అధ్యక్షుడు జెలెన్‌స్కీ పాఱిపోయెనను వదంతి వ్యాపించుచుండగా, ఆయన తన సహచరులతో రాజధాని వీథిలో నిలిచి, మేమిచ్చటనే యున్నామని చేతిఫోనుతో చిత్రము తీసి లోకమునకు పంపెను. అందు అలంకారము లేదు, అంకెలు లేవు. తెలిసిన వీథి, తెలిసిన ముఖము. ఆ రాత్రి ఆ చిత్రము ఒక పటాలమంత పని చేసినది. మార్చి 16 వ తేదీని శత్రుపక్షపు గారడివాండ్రు యంత్రముతో జెలెన్‌స్కీ బొమ్మను కల్పించి, ఆయుధములు క్రింద పెట్టుడని యా బొమ్మచేత పలికించి, ఒక టెలివిజను సంస్థలో దొంగతనముగా ప్రసారము చేసిరి. ఎవ్వరును నమ్మలేదు. అసలు మనిషి అదివఱకే దినదినము కనబడుచుండెను గదా!

ఇక మన పిల్లల సంగతి. మార్చి మొదటివారమున ఖార్కివు, సుమీ నగరములలో మన విద్యార్థులు నేలమాళిగలలో దాగి, మంచు కరగించుకొని నీరు త్రాగుచుండిరి. ఇంట తలిదండ్రులు నిద్రాహారములు మానిరి. అట్టి సమయమున రెండు వార్తలు వచ్చినవి. ఉక్రెయినువారు భారతీయ విద్యార్థులను బందీలుగా పట్టి, వారిని అడ్డు పెట్టుకొని పోరుచున్నారని రష్యావారు చెప్పిరి. అట్టి సమాచార మేదియు తమకు రాలేదని మన విదేశాంగశాఖ మార్చి 3 వ తేదీని ప్రకటించెను. రెండవ వార్త మన దేశముననే పుట్టినది. మనవారు తప్పించుకొనుటకై రష్యావారు ఆఱుగంటలపాటు యుద్ధము నాపిరని అందఱును చెప్పుకొనిరి. అదియు సరికాదని ఆ శాఖవారే నాడు త్రోసిపుచ్చిరి. ఎన్నియో యిండ్లలో తల్లులు ఆ మొదటి వార్తను నమ్మి యేడ్చిరి. ఎంతోమంది తండ్రులు రెండవ వార్తను నమ్మి, బయలుదేఱుమని బిడ్డలకు ఫోను చేసిరి. గుండ్లు కురియుచుండగా లేని విరామమును నమ్మి వీథిలోనికి వచ్చిన బిడ్డ గతి యేమి? కల్లవార్త తుపాకివలెనే ప్రాణము తీయగలదని మన యిండ్లలో నెఱిగినది అప్పుడే. ఆపరేషన్ గంగ యను పేర నడిచిన విమానములు తొంబది. మొత్తము మీద ఇరువదిరెండు వేలకు పైబడిన భారతీయులు ఇల్లు చేరిరి. ఖార్కివులో ఫిరంగిదాడికి బలియై ఒక విద్యార్థి తిరిగి రాలేదు.

యుద్ధమున శత్రువును మోసగించుట తప్పా యని పెద్దలడుగుదురు. అశ్వత్థామ యను ఏనుగును చంపి, ద్రోణుని వినికిడిలో పలికిన మాట మనకందఱకు తెలిసినదే. ఆ మాటతో ద్రోణుడు పడెను. ధర్మరాజు రథమును నేలకు దిగెను. రెండును నిజములే. కౌటిల్యుడు కూటయుద్ధమునకు తన శాస్త్రమున ప్రత్యేకముగా చోటిచ్చెను. ఉక్రెయినువారు 2022 వేసవిలో నట్టి యెత్తొకటి వేసిరి. అది చరిత్రలో నిలుచునది గావున కొంచెము విపులముగా చెప్పెదను.

ఆ వేసవియందంతట, దక్షిణమున ఖెర్సాను నగరమును విడిపింతుమని ఉక్రెయిను నాయకులు బహిరంగముగా చాటుచు వచ్చిరి. నీపరు నదిపైనున్న ఆంటొనివ్‌స్కీ వంతెనను జూలైలో అమెరికా రాకెట్లతో తూట్లు పొడిచిరి. రష్యా సేనానులు ఆ మాట నమ్మి, తూర్పునుండి మంచి పటాలములను దక్షిణమునకు తరలించిరి. ఆగస్టు 29 వ తేదీని దక్షిణమున దాడి మొదలయ్యెను. లోకము చూపు అటు మళ్లినది. సెప్టెంబరు 6 వ తేదీని తూర్పున, ఖార్కివు ప్రాంతమున బలక్లియా వద్ద, సేనాని సిర్‌స్కీ నడపిన దళములు పలుచబడిన రష్యా పంక్తిని చీల్చినవి. నాలుగు దినములలో ఇజ్యూము నగరమును, మన కాజీపేటవంటి రైలుకూడలియైన కుపియాన్‌స్కును చేజిక్కినవి. రష్యా రక్షణశాఖ దీనిని పరాజయ మనలేదు. సేనలను మఱల కూర్చుకొనుచున్నామని చెప్పెను.

దక్షిణపు దాడి కేవలము కంటితుడుపు అని చెప్పువారు కలరు. నేను అంగీకరింపను. ఖెర్సాను బయళ్లలో ఉక్రెయిను పదాతులు వందలకొలది పడిరి. ఏనుగును చంపి యశ్వత్థామ యన్నట్లు గాక, అచ్చట నిజముగనే పోరాడిరి. అందుచేతనే శత్రువు నమ్మెను. చెప్పిన మాట కల్ల గాదు, చెప్పని మాట యొకటి మిగిలియుండెను. మోసములలో నిట్టిది మిక్కిలి గట్టిది.

సెప్టెంబరు 30 వ తేదీని పుతిను ఖెర్సానుతో గూడ నాలుగు మండలములు శాశ్వతముగా రష్యాలో చేరినవని మాస్కోలో ఉత్సవము చేసెను. ‘రష్యా యిచ్చట శాశ్వతము’ అను పెద్దపలకలు ఖెర్సాను వీథులలో నుండెను. నవంబరు 9 వ తేదీని సేనాని సురోవికిను నగరమును విడుచుట మేలని టెలివిజనులో చెప్పెను. 11 వ తేదీని ఉక్రెయినువారు ప్రవేశించిరి. పలకలను పీకి ప్రజలు పొయ్యిలో పెట్టుకొనిరో లేదో నేనెఱుగను. ఆ చలికాలమున వంటచెఱకు వారికి అవసరమే! ఇక్కడ సేనాపతిగా సురోవికిను చేసిన పని తెలివైనదే. వెనుక నది, విఱిగిన వంతెన. అట్టి చోట ముప్పదివేల సేనను ఉంచుట ఆత్మహత్య. ప్రచారము పోవద్దనెను, వ్యూహము పొమ్మనెను, ఈ మాఱు వ్యూహము మాట చెల్లినది.

చెల్లని సందర్భము బఖ్ముతు. యుద్ధమునకు ముందు డెబ్బదివేల జనముగల యూరది. చెంతనే ఉప్పుగనులుగల సొలెదారు కలదు. 2022 ఆగస్టునుండి 2023 మే వఱకు పదినెలలు ఆ యూరికై పోరిరి. తొలుత రష్యాకు దాని యవసరము కొంత కలదు. సెప్టెంబరులో ఇజ్యూము చేజాఱిన పిదప దాని విలువ చాల తగ్గినది. ఐనను రష్యాకు గెలుపని చెప్పుకొనుటకు ఏదో యొక యూరు కావలెను. వాగ్నరు అను కిరాయిసేన యధిపతి ప్రిగోజిను చెఱసాలలనుండి ఖైదీలను తెచ్చి అలలు అలలుగా తోలెను. ఇటు జెలెన్‌స్కీ 2022 డిసెంబరు 20 వ తేదీని బఖ్ముతుకు పోయి, సైనికులు సంతకములు చేసిన పతాకమును తీసికొని, మఱునాడు అమెరికా కాంగ్రెసులో నొసగెను. ఊరు పతాకమయ్యెను. పతాకమును దింపుట యెట్లు?

అచ్చటనే నిలిచి శత్రుబలమును అరగదీయుట మంచిదని ఉక్రెయిను సేనానుల వాదము. రాబోవు దాడికి పనికివచ్చు అనుభవశాలురను ఆ శిథిలములలో పోగొట్టుకొనుట వెఱ్ఱియని అమెరికా యధికారుల సలహా యని పత్రికలు వ్రాసినవి. సొలెదారు పడువఱకు మొదటి వాదమున సత్తువ కలదు. ఆ తరువాత ఆ యూరిని నిలిపినది పతాకమే యని నేను తలచెదను. 2023 మే 20 వ తేదీని ప్రిగోజిను ఊరు తనదనెను. తనవారు ఇరువదివేలమంది అచ్చట చచ్చిరని ఆయనయే కొలదిదినములకు చెప్పెను.

ఈ ప్రిగోజిను చరిత్రయే వింత. ఇతర దేశముల ప్రజలను పెడదారి పట్టించుటకు ఫోనులలో కల్లలు వ్రాయు కూలివ్రాతగాండ్ర కార్ఖానాను స్థాపించినది తానేయని 2023 ఫిబ్రవరిలో ఆయన యొప్పుకొనెను. అట్టివాడు తుదకు, తన సేనకు గుండ్లు అందలేదని, సహచరుల శవములనడుమ నిలిచి రక్షణమంత్రిని దూషించెను. జూను 23 వ తేదీని మఱియు నొక యడుగు ముందుకు వేసి, ఉక్రెయిను మనపై దాడి చేయబోవుచుండెనని రక్షణశాఖ చెప్పినది అబద్ధమని పలికెను. యుద్ధమునకు మూలమైన మాటనే కాదనుటకు రష్యాలో సాహసించినవాడు, అబద్ధముల వర్తకుడు! మఱునాడు ఆయన సేన మాస్కోవైపు నడచి, దారిలో నాగిపోయెను. రెండు నెలలు నిండునాటికి, ఆగస్టు 23 వ తేదీని, ఆయన యెక్కిన విమానము కూలి చచ్చెను.

2023 వేసవిలో ఉక్రెయినువారి దాడి విఫలమగుటకు గూడ ప్రచారము కొంత కారణము. ముందటి సంవత్సరపు గెలుపులను విని పడమటి దేశములవారు, జర్మనీ టాంకులు రాగానే ఉక్రెయినువారు అజోవు సముద్రమును చేరుదురని నెలలతరబడి చర్చించిరి. ఎక్కడ దాడి జరుగునో పటముపై గీతలు గీసి చూపిరి. వేలు పెదవిపై నుంచిన సైనికుల చిత్రమును ఉక్రెయినువారు జూనులో విడుదల చేసి, ఎత్తుగడలకు మౌనము కావలెననిరి. కాని మౌనమునకు కాలము మించిపోయెను. రష్యావారు శీతకాలమంతయు కందకములు త్రవ్వి, సిమెంటు దిమ్మలు పాతి, పొలముల నిండ మందుపాతరలు నాటిరి. ఉక్రెయినువారికి తగిన విమానబలము లేదు. మూడు నెలలు పోరి రొబోటినె యను పల్లెను గైకొనిరి. సముద్రము దూరముననే యుండెను. నవంబరులో సర్వసేనాని జలుజ్నీ, యుద్ధము కదలిక లేక స్తంభించినదని ఒక ఆంగ్ల పత్రికలో వ్రాసెను. అధ్యక్షుడు ఆ మాటను అంగీకరింపలేదు. 2024 ఫిబ్రవరి 8 వ తేదీని జలుజ్నీని తొలగించిరి. కారణములు పలువిధములుగ చెప్పబడినవి. సంజయుని పని చేసినవానికి సన్మానము జరుగలేదనుట మాత్రము స్పష్టము. తొమ్మిదిదినములకు అవ్‌దీవ్కా నగరము రష్యాపరమయ్యెను. ఉక్రెయినులో యుద్ధారంభమునుండి ప్రధాన టెలివిజను సంస్థలు కలిసి ఒకే వార్తాప్రసారము చేయుచు వచ్చినవి; మొదట దానిని ఆదరించిన ప్రజలకే క్రమముగా దానిపై నమ్మకము తగ్గెను.

ఆ యేడు ఆగస్టు 6 వ తేదీని వారు ఎవ్వరికిని చెప్పక రష్యాలోని కుర్‌స్కు మండలమున చొచ్చిరి. ఈసారి మౌనము ఫలించినది. వేయి చదరపు కిలోమీటర్ల నేల చిక్కినది. కాని తూర్పున పొక్రొవ్‌స్కువైపు రష్యా యొత్తిడి తగ్గలేదు, 2025 మార్చిలో సుద్జా పట్టణము తిరిగి పోయెను. మర్మము దాచుట యెఱిగినంతమాత్రమున పని నెఱవేఱదు.

రచ్చబండ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిది. ఎవ్వడైనను శత్రుపక్షమున నింతమంది చచ్చిరని చెప్పినచో, ఆ యంకెను ప్రక్కన పెట్టుడు. ఊరిపేరు చెప్పినచో ఆ పేరు వ్రాసియుంచుకొని, నెల తరువాత ఆ యూర ఎవరి కొలువున్నదో చూడుడు. తనకు నష్టమైన సంగతిని తానే చెప్పినవాని మాటకు హెచ్చు విలువ నిండు. ‘మాస్క్వా’ అను రష్యా యుద్ధనౌక 2022 ఏప్రిలు 14 వ తేదీని మునిగెను. తమ క్షిపణులు తగిలినవని ఉక్రెయినువారు, నిప్పంటుకొని తుపానులో మునిగెనని రష్యావారు చెప్పిరి. నావికులందఱు క్షేమమని మొదట చెప్పిన రష్యావారే వారముదినములకు ఒకడు చచ్చెననియు ఇరువదియేడుగురు కనబడుట లేదనియు నొప్పుకొనిరి. బుచా పట్టణపు వీథులలోని శవములు నాటకమని వారు చెప్పగా, రష్యాసేన అచ్చట నున్ననాడే ఆ శవములు అదేచోట పడియున్నట్లు ఆకాశమునుండి ఉపగ్రహములు తీసిన చిత్రములు చూపినవి.

మృతుల లెక్కను గూర్చి చెప్పి విరమింతును. రష్యా రక్షణమంత్రి 2022 సెప్టెంబరు 21 వ తేదీని తమవారు 5,937 మంది పడిరని చెప్పెను. ఆనాడే మూడు లక్షలమందిని సైన్యమునకు పిలిచిరి. ఆ పిదప ఆయన శాఖ మఱియొక మొత్తపు లెక్క ప్రకటింపలేదు. జెలెన్‌స్కీ 2024 ఫిబ్రవరిలో 31,000 అనియు, ఆ డిసెంబరులో 43,000 అనియు చెప్పెను. అంతకంటె హెచ్చని ఆయన దేశమువారే పలువురు తలచిరి. ప్రభుత్వములు చెప్పనిదానిని, కొందఱు రష్యా పత్రికాకర్తలు బి.బి.సి. వారితో కలిసి, పల్లెపత్రికలలోని మరణవార్తలను చదివి, శ్మశానములలో క్రొత్త సమాధుల పేర్లు చూచి, ఒక్కొక్క పేరుగా వ్రాయుచు వచ్చిరి. 2025 లో ఆ పట్టిక లక్ష పేర్లను దాటినది. పేరు తెలిసినవారే అందుందురు.

మనవారును ఈ యుద్ధమున మడిసిరి. సేనలో సహాయకుల పని యని, మంచి జీతమని ఫోనులో కనబడిన ప్రకటనలను నమ్మి రష్యాకు పోయిన యువకుల చేతికి తుపాకు లిచ్చి ముందువరుసకు పంపిరి. హైదరాబాదునుండి పోయినవాడొకడు 2024 లో మరణించెను. రష్యాసేనలో చేరిన భారతీయులు 126 మందియని మన విదేశాంగశాఖ 2025 జనవరిలో తెలిపెను. తొంబదియాఱుగురు తిరిగి వచ్చిరి, పండ్రెండుగురు చనిపోయిరి, మిగిలిన పదునెనిమిదిమందిలో పదునాఱుగురి జాడ తెలియదని రష్యా ప్రభుత్వము వ్రాసి పంపెను.